పిడకల లెక్క

పగడం చావాలంటే పది సేర్ల పిడకలు కావాలి.
ఎక్కాల కన్నా ముందు నాకొచ్చిన లెక్క ఇది.

విజయనగరంలో, గంటస్తంభం వెనక సందులో
సిబ్గతుల్లా సాయిబు దవాఖానాకి
తట్టెత్తుకుని మా అమ్మ, వెనక నేను.
"చేత్తో తట్టిన పిడకకి తొందరెక్కువ,
బీట్లో దానంతటదే ఎండినదానికి ఓర్పుంటాది" అనేవాడు.
ఓర్పుని విడిగా తూచి పావలా ఎక్కువిచ్చేవాడు.

బల్ల మీద సీసాలు,
వాటి మీద కుడి నుంచి ఎడమకి పాకే రాత.
నాకు చదవడం రాదు, వాసన పట్టడం వచ్చు.
ఇది గులాబీ నీళ్ళు, ఇది అంబరు.
ఎర్ర పుల్లల సీసాకి మాత్రం ఏ వాసనా లేదు.
కొమ్మైతే మర్జాన్, వేరైతే బుస్సద్,
కాల్చి చంపితే కుష్తా.
"సముద్రంలో పురుగులు కట్టుకున్న ఇల్లు" అన్నాడోసారి.
నేను నమ్మలేదు.
పురుగులకి అంత ఎరుపెక్కడిది?

తుఫాను వెళ్ళిన మూడో నెల
ముక్కాం నుంచి సూరాడ పోలమ్మ వచ్చింది.
నెత్తిన చేపల తట్ట లేక
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషి.
కొంగు ముడి విప్పింది. ఎనిమిది పగడాలు,
తెంపిన తాడు పసుపు ఇంకా వదలకుండా.

"గుండి దడ సాయిబూ. రేత్రయితే కెరటంలాగ లెగుస్తాది.
ఈటిని మందు సేసీ.
మెడలో ఎలాగూ ఉండవు,
కడుపులోనైనా ఉంటాయి."

సాయిబు నాడి పట్టాడు.
ఆ మూడు వేళ్ళ కింద ఏ తెప్ప ఊగుతోందో,
చాలాసేపు వదల్లేదు.

తర్వాత నిమ్మకాయ కోసి
ఒక్కో పూస మీద ఒక్కో చుక్క.
రెండు బుసబుసా పొంగాయి.
ఆరు ఊరుకున్నాయి.

"ఈ రెండే సముద్రానివి అమ్మా.
ఇవి గాజు. గాజు కరుగుతాది గానీ మందవదు."

ఏడుస్తుందనుకున్నాను.
నవ్వింది. సీసాలు కదిలేలా నవ్వింది.
"ముప్పై ఏళ్ళు! రెండు వలల డబ్బు పోసి కొన్నానని
ఊరంతా సెప్పుకున్నాడు, దొంగసచ్చినోడు.
నన్ను మోసం సేసినాడో, ఆడే మోసపోనాడో
అడగడానికి మడిసి నేడు గదా."

రెండు పూసలూ నూరి, కలబంద గుజ్జులో కలిపి
రెండు మూకుళ్ళ మధ్య పెట్టి
మట్టిగుడ్డ చుట్టి గోతిలో దించాడు.
ఎర్ర సీసాలోంచి కాస్త కలుపుతాడని చూశాను.
కలపలేదు.
"ఇంత పిసరుకి పది సేర్లెందుకు బాబూ?" అంది మా అమ్మ,
అమ్ముకునేది తనే అయినా.
"చావుకి చిన్నా పెద్దా ఏటుంది" అన్నాడు.

పొద్దున్న మూకుడు తెరిస్తే ఎరుపు లేదు.
వేలిగీతల్లో దూరిపోయేంత మెత్తటి తెలుపు.
పళ్ళెంలో నీళ్ళు పోసి చిటికెడు చల్లాడు.
మునగలేదు.
దాని మీద ఒక బియ్యపు గింజ పెట్టాడు.
గింజ కూడా మునగలేదు.
ఊపిరి తగిలితే ఒరుగుతుందని
మేమెవరమూ గట్టిగా ఊపిరి విడవలేదు.

పోలమ్మ ఆ గింజనే చూసింది.
"బరువెక్కినా తేలతాదన్నమాట" అంది.
ఇంకేమీ అనలేదు.

పొట్లాలు పదకొండు. వెన్నలో, పరగడుపున.
పని చేసిందో లేదో నాకు తెలీదు,
మందులు సాయిబు ఎరుగును, నేనెరిగింది పేడ.
వానలు పడ్డాక మళ్ళీ కనబడింది, తట్టతో.
సాయిబుకి నాలుగు కానాగంతలు,
మా అమ్మకి రెండు, ఊరికే.
దడ సంగతి ఎవరూ అడగలేదు.
తట్ట పట్టుకున్న చేతికి
వల దారంతో గుచ్చిన ఆరు గాజుపూసలు,
ఎర్రగా.

వాటికి
ఎన్ని సేర్లయినా చాలవు.